బొమ్మ బాగుంది మేష్టారూ

నా తెలివితక్కువతనం గురించి ఇంకొకళ్ళు చెప్పేలోపు నేనే చెప్పుకోవడం మర్యాద. నిజానికి ఆ మర్యాదకు కూడా వేళ మించిపోయింది. మా ఊరు జంపనిలో ఇప్పటికే చాలామంది చెబుతున్నారు, నాకంటే బాగా చెబుతున్నారు. చెప్పేటప్పుడు నేను కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకునే తీరు కూడా పట్టి చూపిస్తున్నారట. పోయిన సంక్రాంతికి మా తమ్ముడి మనవడు నా ఎదురుగానే చేసి చూపించాడు. అచ్చం నేనే.

నేను డ్రాయింగ్ మేష్టారుని. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఉద్యోగం చేశాను. అంటే, లెక్కల మేష్టారు సెలవు పెట్టిన రోజున ఆయన క్లాసుకి వెళ్ళి పిల్లలు అరవకుండా మామిడికాయ, కూజా, జాతీయ జెండా వేయించాను. అంతకుముందు, కుర్రతనంలో, తెనాలిలో నాటకాల తెరలు వేసే ఒకాయన దగ్గర నాలుగేళ్ళు రంగులు కలిపాను. తెనాలి అంటేనే నాటకాలు కదా. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర... రోజంతా గుడ్డ మీద మేడలు కట్టేవాళ్ళం. ఒకసారి నా సొంత తెలివితో వీధి తెరలో అరుగు మీద ఒక ముసలాయన్ని కూర్చోబెట్టాను. గురువుగారు చూసి, బ్రష్షు తిరగేసి నెత్తి మీద ఒకటిచ్చి, "తెర మీద మనిషేంట్రా? మనుషులు తెర ముందు తిరుగుతారు. వెనకాల వీడు గుడ్లప్పగించి చూస్తుంటే ముందున్నవాడు పద్యమెలా పాడతాడు?" అన్నారు. ఆ ముసలాయన మీద నా చేతే అరుగు రంగు పూయించారు. ఆ దెబ్బ నాకు బాగా గుర్తుండిపోయింది. ఎంత బాగా అంటే, ఆ తర్వాత యాభై ఏళ్ళలో నేను వేసిన ఏ వీధిలోనూ మనిషన్నవాడు లేడు.

2024 జనవరిలో మా ఆవిడా నేనూ మెల్‌బోర్న్ వెళ్ళాం, మా అమ్మాయి దగ్గరికి. వాళ్ళుండేది నగరానికి ఉత్తరం కొసన, క్రెయిగీబర్న్‌లో. కొట్టుకెళ్తే కరివేపాకు దొరుకుతుంది, పార్కుకెళ్తే గుంటూరు మాట వినిపిస్తుంది, కాబట్టి పరాయి దేశమన్న బెంగ పెద్దగా లేదు. తోచక రోజూ నడిచేవాణ్ణి. సెలవు రోజుల్లో అల్లుడు మెర్రి క్రీక్ అనే వాగు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆ వాగు అటు పైనుంచి వచ్చి, నగరంలోంచి పారి, యారా నదిలో కలుస్తుంది. రాళ్ళెక్కువ ఉన్నదని ఆ దేశపు ఆదివాసులు పెట్టిన పేరట అది. ఒకప్పుడు దాని పక్కన రాతి క్వారీలు, చెత్త దిబ్బలు ఉండేవట. 1989లో ఒక కమిటీ పెట్టుకుని, ఆ నేలలో పుట్టిన మొక్కలే ఏరి ఏరి నాటుకుంటూ వచ్చారు. నేను చూసింది ముప్పై అయిదేళ్ళ చాకిరీని. నా కళ్ళకు కనబడింది మాత్రం చెట్టు, బాట, బల్ల.

ఆ రోజుల్లోనే మా అమ్మాయివాళ్ళ ఇంటి ముందు ఉత్తరాల డబ్బాలో ఒక కాగితం పడింది. వాగు పక్క వీధిని మార్చాలనుకుంటున్నాం, మీ మాటేమిటో చెప్పండని. కింద నానా భాషల్లో, దుబాసీ కావాలంటే ఇస్తామని కూడా ఉంది. వాళ్ళు పెట్టిన ఒక సమావేశానికి అమ్మాయితో కలిసి నేనూ వెళ్ళాను. టీ, బిస్కెట్లు ఇచ్చారు. బస్టాపు ఎక్కడుండాలన్న దాని మీద గంట మాట్లాడారు. ఆ తర్వాత ఒక ముసలమ్మ లేచింది. తన కిటికీలోంచి కనబడే ఒకే ఒక్క చెట్టు గురించి, చేతికర్ర నేల మీద కొడుతూ, అరగంట వాదించింది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. రాసుకున్నారు. నాకు విసుగొచ్చింది. 'ఒక్క వీధికి ఇంత రామాయణమా? మా ఊళ్ళో అయితే రెండు రోజుల్లో తేల్చేద్దును' అనుకుని ఇంకో బిస్కెట్ తీసుకున్నాను. మే నెలలో తిరిగొస్తూ అక్కడి నుంచి చెట్టు, బాట, బల్ల తెచ్చుకున్నాను. ఆ ముసలమ్మని అక్కడే వదిలేసి వచ్చాను.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. జంపని తెనాలికి కూతవేటు దూరం. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుకి చినరావూరు తర్వాత మా స్టేషనే. సినిమాకి, ఆసుపత్రికి, బంగారానికి, గొడవకి తెనాలే వెళ్తాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరులో ఉండిపోయింది, మేం వేమూరు మండలంతో సహా బాపట్లలో పడ్డాం. పక్కింటికి వీధి చుట్టి వెళ్ళమన్నట్టు. అదలా ఉంచండి. మా నీళ్ళు బెజవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి దుగ్గిరాల దాటి వస్తాయి. 1855లో ఆనకట్ట కట్టినప్పటి నుంచీ, 1957లో దాని బదులు బ్యారేజీ వచ్చాక కూడా, ఈ పశ్చిమ డెల్టాకి అదే దారి. మూడు కాలవలు ఊరి మధ్యనుంచి పోతున్నాయని తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. మా ఊరి కాలవ అంతటిది కాదు, పెద్ద కాలవల పిల్ల. దాని గట్టు మీద ఒక బాట, బాట పక్కన కొన్ని తాటిచెట్లు, కొన్ని ఇళ్ళు.

నేను వచ్చేసరికి కాలవ కట్టేసి ఉంది. ఎండాకాలం కదా. అడుగున బీటలు, గుర్రపు డెక్క ఎండిన చెత్త, ప్లాస్టిక్ కవర్లు, ఒక రబ్బరు చెప్పు. ఆ ఎండిన కాలవ ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చుని, నిండా నీళ్ళున్న కాలవ బొమ్మ వేశాను. ఇది పిచ్చి అని ఎవరూ అనలేదు. బొమ్మలు వేసేవాళ్ళని అనరు.

పన్నెండు రోజులు పట్టింది. నీలం కాలవ. రెండు పక్కలా ఎర్ర టైల్స్ బాట. ప్రతి ఇరవై అడుగులకీ ఒక సిమెంటు బల్ల. పాతకాలపు లాంతరు మోస్తరు దీపాలు. చెట్లకి కోనోకార్పస్ ఎంచుకున్నాను, అవి శంఖం తిరగేసినట్టు నిటారుగా ఉంటాయి, బ్రష్షుకి సులువు. ఆ చెట్టు మీద ఊరూరా గొడవలు జరుగుతున్నాయనీ, గుజరాత్‌లో 2023లోనే దాన్ని నాటొద్దన్నారనీ నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా దాని పచ్చకి ఏ రెండు రంగులు కలపాలో. ఒక మూల కొంగల్ని కూడా వేశాను. కొంగలకి అభ్యంతరం లేదు, గురువుగారు పిట్టల్ని వద్దనలేదు.

బొమ్మ పూర్తయ్యాక మెల్‌బోర్న్ గుర్తొచ్చింది. జనాన్ని అడగాలి కదా! అడక్కుండా చేస్తే అది పాత పద్ధతి. ఒక కాగితం రాసి తెనాలిలో రెండొందల కాపీలు తీయించాను. అందులో మూడు ప్రశ్నలు. కాలవ గట్టు అందంగా ఉండాలని మీరు కోరుకుంటున్నారా? గట్టు మీద పచ్చని చెట్లుంటే మీకు సంతోషమా? పెద్దవాళ్ళు కూర్చోవడానికి బల్లలు ఉండాలా, వద్దా? కాదనాలంటే మనిషికి రాతి గుండె ఉండాలి. మా తమ్ముడి మనవడికి అయిదొందలిచ్చి ఇల్లిల్లూ తిరిగి రాయించుకు రమ్మన్నాను. రెండు రోజుల్లో నూట ఎనభై ఏడు కాగితాలు తెచ్చాడు. అన్నిట్లోనూ అవును, అవును, అవును.

ఎగిరి గంతేశాను. ఎనిమిది మంది ఒక మాట మీద నిలవని ఊరు, నా బొమ్మ విషయంలో ఒక్క గొంతు అయిపోయింది! మా ఆవిడ కాగితాలు తిరగేసి, "ఇదేంటండీ, బావగారి సంతకం ఉంది?" అంది. మాకు బావ వరస అయ్యే ఆ పెద్దాయన కోవిడ్‌లో పోయారు. ఆయనా బల్లలు కావాలన్నారు. "కొడుక్కి తండ్రి పేరు పెట్టి ఉంటారులే" అన్నాను. "వాళ్ళకి ముగ్గురూ ఆడపిల్లలే" అంది. నేను వినిపించుకోలేదు.

(చాలా నెలల తర్వాత మనవడు ఒప్పుకున్నాడు. రచ్చబండ దగ్గర నలుగురు స్నేహితులు కలిసి గంటన్నరలో నింపారట. "మూడు రంగుల పెన్నులు వాడాం తాతయ్యా, నీకు అనుమానం రాకుండా" అన్నాడు. పదమూడు కాగితాలు మిగిలిపోవడం ఎందుకంటే, పేర్లు తట్టలేదట.)

ఇంతలో గ్రామసభ వచ్చింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ కింద ఏ పనులు చేయాలో ఊళ్ళే తేల్చుకోవాలని. రాష్ట్రమంతా సభలు పెట్టింది నా బొమ్మ చూడటానికేనని నాకు తోచింది. బొమ్మని ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కొట్టించాను. కింద కుడి మూల నా సంతకం కూడా పెద్దది చేయించాను. ఫ్లెక్సీ కుర్రాడు నా ఫోటో కూడా వేస్తానన్నాడు. వద్దన్నాను. ఆ ఒక్క చోట బుద్ధి పనిచేసింది.

ఆ రోజు శుక్రవారం. శ్రావణంలో మూడో శుక్రవారం. ముందు వారం వరలక్ష్మీ వ్రతం కుదరని ఆడవాళ్ళు ఆ రోజు పెట్టుకున్నారు. కూలికి పోయేవాళ్ళు తెల్లారకముందే ఆటోలెక్కి కలుపులకి వెళ్ళిపోయారు. సభలో ఉన్నది ఎవరంటే, ముందు వరసలో నాలాంటి పెన్షనర్లం, ఆ వెనక ఇస్త్రీ నలగని చొక్కాలు, చివర్న గోడకానుకుని కొద్దిమంది. 'ఊరంతా వచ్చింది' అని ఆ రాత్రి అమ్మాయికి మెసేజ్ పెట్టాను.

నాకు అయిదు నిమిషాలిచ్చారు. పాతిక తీసుకున్నాను. మెర్రి క్రీక్ చెప్పాను. కొరియాలో సియోల్ నగరం నడిబొడ్డున వాగు మీద కట్టిన పెద్ద రోడ్డుని పడగొట్టి, 2005లో మళ్ళీ నీళ్ళు పారించిన సంగతి చెప్పాను. వెనక గోడ దగ్గర్నుంచి ఒకతను, "అక్కడ గేదెల్ని ఎక్కడ కడుగుతారు మేష్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు అడిగింది నిజంగానే తెలుసుకుందామని. అది నాకు తట్టడానికి వారం పట్టింది.

సభ అయ్యాక ఒక్కొక్కరే ఫ్లెక్సీ ముందు నిలబడి, "బొమ్మ బాగుంది మేష్టారూ" అన్నారు. "ఎంత బాగుందండీ, కేలండర్లా ఉంది" అన్నారు. "కొంగ ఇప్పుడే ఎగిరేట్టుంది" అన్నారు. కాలవ తూములు చూసిన పాత లస్కరు, రిటైరై చాలా కాలమైంది, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది మేష్టారూ. పూడిక ఎటు పోస్తారు?" అన్నాడు. "అదంతా తర్వాత చూద్దాం లేవయ్యా" అన్నాను. "అట్నేనండి" అని వెళ్ళిపోయాడు.

వాళ్ళందరూ బొమ్మ బాగుందన్నారు. పని బాగుందని ఒక్కరూ అనలేదు. బొమ్మ వేసినవాడికి ఈ తేడా వినపడదు. మా జిల్లాలోనే ఉన్న చీరాలలో, మున్సిపాలిటీ వద్దు మొర్రో అంటుంటే వినకుండా నెత్తిన పెట్టినందుకు, 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్ళు వదిలి ఊరి బయట రామ్‌నగర్ పేరుతో పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. కాదనడంలో అదొక తీరు. మా ఊరివాళ్ళది ఇంకో తీరు. వేసినవాడి మనసు నొప్పించకుండా బొమ్మని మెచ్చుకుని ఇంటికి పోతారు.

ఆ రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. అది విజయవాడలో ప్లానింగ్ చదివి, మెల్‌బోర్న్‌లో అదే పని చేస్తుంది. అంతా విని, "నాన్నా, ఆర్న్‌స్టీన్ అని ఒకావిడ 1969లో ఒక వ్యాసం రాసింది. జనాన్ని అడగడంలో ఎనిమిది మెట్లుంటాయంది. అన్నిటికంటే కింది మెట్టు, మనం ముందే అనుకున్నదానికి వాళ్ళ చేత తల ఊపించుకోవడం. పైమెట్టు, పెత్తనం వాళ్ళకే ఇచ్చేయడం" అంది. "మరి నేను ఎన్నో మెట్టు మీదున్నానమ్మా?" అన్నాను ఆశగా. కాసేపు మాట్లాడలేదు. "నువ్వింకా ఎక్కలేదు నాన్నా. నిచ్చెన భుజానేసుకుని ఊరేగుతున్నావు" అంది. వాళ్ళమ్మ నోరే దానికీ వచ్చింది.

అప్పటికీ నాకు దిగలేదు. మర్నాడు పొద్దున్నే ఫ్లెక్సీ చుట్ట చంకన పెట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను, అట్ల పొయ్యి దగ్గరికి. రోజూ వెళ్తాను. అక్కడొక అమ్మాయి గట్టు మీద ఇంటి ముందు పొయ్యి పెట్టుకుని పెసరట్లు, పుణుగులు వేస్తుంది. వాళ్ళత్త కూడా అక్కడే వేసేది. మెల్‌బోర్న్‌లో ఉన్న నాలుగు నెలలూ నేను కలవరించింది ఆ అట్టునే. అక్కడున్న ఇద్దరు ముగ్గురి చేత ఫ్లెక్సీ పట్టించి విప్పాను.

ఆమె అట్లకాడ పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి చూసింది. ఎడం నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి చూసింది. దగ్గరికొచ్చి తాటిచెట్టు మొదలు దగ్గర వేలు పెట్టి, అక్కణ్ణుంచి మెల్లగా జరుపుకుంటూ పోయింది.

"బాగుంది మేష్టారూ. ఇది మన ఊరేనా?"

"మన ఊరే అమ్మాయ్. ఇదుగో వంతెన. ఇదుగో రేవు."

"మరి మేం ఏ ఊరు పోయాం?"

వెటకారం లేదు. నిజంగానే వెతుక్కుంటోంది. ఆమె వేలు ఆగిన చోట, ఆమె ఇల్లు ఉండాల్సిన చోట, నేను వేసిన మూడో బల్ల ఉంది. పెనం మీద అట్టు మాడిన వాసనొచ్చింది. ఆమె పరుగెత్తింది. మాడిన అట్టు తీసి పక్కన పడేసి, ఇంకోటి వేసి నా చేతికిచ్చింది. అల్లం పచ్చడి ఎప్పట్లాగే రెండు గరిటెలు. డబ్బులిస్తే తీసుకుంది. ఇంకేమీ అనలేదు. నేను ఆ అట్టు ఎలా తిన్నానో నాకే తెలీదు.

గట్టు మీద పదకొండు ఇళ్ళున్నాయి. పట్టాల్లేవు. ఇరిగేషన్ పోరంబోకు. వాళ్ళని తీసేయాలని నేను ఎక్కడా రాయలేదు. ఆ మాట నా నోట రాలేదు, నా మనసులోనూ లేదు. అలా రాయాల్సి వచ్చి ఉంటే చెయ్యి వణికేది, తప్పని తెలిసేది. నేను వాళ్ళని వెయ్యలేదు, అంతే. బొమ్మలో మనిషి లేడు గనక మనిషి పొయ్యీ లేదు, పొయ్యి లేదు గనక ఇల్లూ లేదు. పదకొండు ఇళ్ళని నీలం, పచ్చ రంగులతో పన్నెండు రోజుల్లో ఖాళీ చేయించాను. రోజూ పొద్దున నేను తినే అట్టుతో సహా.

ఆ తర్వాత వారానికి, ఆగస్టు 31న, వాన పట్టుకుంది. ఆ వాన సంగతి అందరికీ తెలుసు. బెజవాడలో బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. కృష్ణ బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది, 2009 వరదని కూడా మించింది. మాకు తూర్పున కొల్లూరు లంకల్లో జనం కట్టుబట్టలతో బయటికొచ్చారు. 2009లో రేపల్లె వైపు కరకట్ట తెగిన సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ రెండు రాత్రులు కన్ను మూయలేదు. మా ఊరి మీదికి కృష్ణ రాలేదు గానీ వాన నీళ్ళే చాలు, చేలన్నీ చెరువులయ్యాయి, మురుగు కాలవలు ఎగదన్నాయి. గొడుగేసుకుని నేనూ గట్టు దాకా వెళ్ళాను.

ఊళ్ళో ఎత్తయిన చోటు ఆ గట్టే. గేదెలన్నీ అక్కడే కట్టేసి ఉన్నాయి. గడ్డి మోపులు, ఇంజన్లు, మందు డబ్బాలు, యూరియా బస్తాలు, ఒకాయన పెళ్ళినాటి మంచం. పిల్లలు గొడ్ల మధ్య గోళీలాడుతున్నారు. నేను టైల్స్ బాట వేసిన చోట మోకాలి లోతు పేడ, బురద, గడ్డి. సభలో గేదెల ప్రశ్న వేసినతను గేదె పక్కన గోనెసంచి కప్పుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. మంచివాడు.

వానలు వెలిసి దారులు ఆరాక, ఒక రోజంతా గట్టు మీద కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఈసారి కాగితం, పెన్సిలు తీసుకెళ్ళాను గానీ బొమ్మకి కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ గట్టు మీద నడుస్తూ ఇదంతా చూడనివాణ్ణి, వాగొడ్డున బల్ల చూడటానికి మాత్రం సముద్రాలు దాటి వెళ్ళాను.

చీకట్లో మొదట వచ్చేది కూలి ఆడవాళ్ళు. క్యారేజీలు పట్టుకుని వంతెన పిట్టగోడ మీద కూర్చుంటారు, ఆటో వచ్చేదాకా. కూలి ఎంతో, ఎవరి చేనో, అక్కడే తేలుతుంది. తర్వాత పాల క్యాన్లు. తర్వాత గొడ్లు. ఎనిమిదింటికి బడి పిల్లలు. రేవులో గిన్నెలు, బట్టలు. "రేవులో రెండో మెట్టు విరిగింది మేష్టారూ, పాచి పట్టి ఇద్దరు పడ్డారు" అని ఒకావిడ చెప్పింది. "ఎప్పుడు విరిగింది?" అన్నాను. "మీరు ఆస్ట్రేలియా పోకముందే" అంది. ధాన్యం వచ్చినప్పుడు, తర్వాత జొన్నలు, మొక్కజొన్న వచ్చినప్పుడు ఆ బాట మీదే ఆరబోస్తారు. "అడ్డంగా బల్లలుంటే పట్టాలు ఎట్టా పరుస్తామండీ?" అన్నాడు ఒక కౌలు రైతు. పొద్దు గూకాక వంతెన దగ్గర ముసలమ్మలు చేరతారు. వాళ్ళకి బల్లలక్కర్లేదు, కింద కూర్చోవడమే హాయిట. లైటు కావాలి. పాములు తిరుగుతాయి. "ఒక్క లైటు" అని వేలు చూపించి మరీ చెప్పిందొకావిడ, నేనెక్కడ లాంతర్ల వరస వేసేస్తానో అని.

మధ్యాహ్నం పాత లస్కరు వచ్చి పక్కన కూర్చున్నాడు. నేనే అడిగాను, పూడిక సంగతి. "ఎండల్లో కాలవ కట్టేశాక ప్రొక్లెయిను దిగుద్దండి. అది నడిచేది గట్టు మీద. తీసిన బురద పోసేది గట్టు మీద. మీ బల్లలు దాని చెయ్యి ఒకసారి తిరిగితే కాలవలో ఉంటయ్యి. బల్లలుంటాయని పూడిక తియ్యకపోతే, కింది ఊళ్ళకి నీళ్ళందవు. ఆళ్ళు వచ్చి మీ బల్లలు పీకుతారు" అన్నాడు. వేళ్ళు బలిసే చెట్లు గట్టు కొసన పెడితే వేరు వెంట నీరు దారి చేసుకుంటుందట, అందుకే పాతవాళ్ళు తాటిచెట్లని చూసీచూడనట్టు వదిలేశారట. ముప్పై ఏళ్ళు తూము తలుపులు ఎత్తి దించిన మనిషి. ఇదంతా ఆ రోజు సభలో ఒక్క ముక్కలో అడిగాడు. నేను 'తర్వాత చూద్దాం లేవయ్యా' అన్నాను.

"అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా?" అన్నాను కొంచెం నిష్ఠూరంగా.

"అంత బొమ్మ ఏసినాక ఏం చెబుతామండీ" అన్నాడు.

అక్టోబరులో పల్లె పండగ అని ఊరూరా సిమెంటు రోడ్ల పనులు మొదలుపెట్టినప్పుడు, నేను ఒక్క పేజీ రాసుకుని పంచాయతీలో ఇచ్చాను. రేవు మెట్టు. వంతెన దగ్గర లైటు. గట్టు బాట మీద ఏ పని చేసినా పట్టా పరిచేంత వెడల్పు వదలడం, పూడిక పోసే చోటు వదలడం. గట్టు మీది ఇళ్ళవాళ్ళని వాళ్ళ గుమ్మం దగ్గరే, వాళ్ళున్న వేళలోనే అడగడం. ఈసారి ఎవరు చెప్పింది వాళ్ళ పేరుతోనే రాశాను. బొమ్మ జత చేయలేదు. తీసుకున్న కుర్రాడు తిరగేసి చూసి, "బొమ్మ లేదా మేష్టారూ?" అన్నాడు. వాడి ముఖంలో కొంచెం నిరాశ.

అన్నట్టు ఫ్లెక్సీ. వానల్లో దాని సంగతే మర్చిపోయాను. ఆ రోజు గట్టు మీద విప్పినవాణ్ణి అక్కడే వదిలేసి వచ్చేశాను. ఎవరూ పారేయలేదు. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ, కొత్తది, చిరుగు లేనిది, ఎవరు పారేస్తారు? అట్ల పొయ్యి మీద నాలుగు కర్రలు పాతి చూరులా కట్టారు. బొమ్మ లోపలి వైపుకి. ఇప్పుడు పొద్దున్నే స్టూలు మీద కూర్చుని తలెత్తితే నా నీలం కాలవ నెత్తి మీద పారుతూ ఉంటుంది. పొగకి కోనోకార్పస్‌లు మసిబారాయి. కొంగలు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. దాని కింద రోజూ పది పన్నెండు మంది కూర్చుని అట్లు తింటారు, తెర ముందు.

నవంబరులో ఒకరోజు ముసురు పట్టింది. అట్టు తింటుంటే పళ్ళెంలో చుక్క పడింది. పైకి చూశాను. రెండో బల్ల దగ్గర, కర్ర గుచ్చుకున్న చోట కారుతోంది. ఆమె కింద గిన్నె పెట్టి, పెనం మీద నీళ్ళు చల్లి, నా వైపు తిరిగింది.

"మేష్టారూ, ఇంకో బొమ్మ ఎప్పుడేస్తారు?"

"ఎందుకమ్మాయ్?"

"అటుపక్క కురుస్తోంది. ఈసారి పదడుగులది కొట్టించండి."